రేకుల గదిలో సీలింగ్ పైన మగ్గే వేడిని బయటికి పంపడం ఎలా

మీ ఇంట్లో రేకుల గది ఉండి దానికి ఫాల్స్ సీలింగ్ కూడా వేయించి ఉంటే, మే నెలలో మధ్యాహ్నం మూడింటికి స్టూలెక్కి సీలింగ్‌కి అరచెయ్యి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి వెనక్కి లాక్కునేంత వేడిగా ఉంటే మాత్రం ఇక ఫ్యాన్నీ ఏసీనీ తిట్టుకోవడం దండగ. రేకుకీ సీలింగ్‌కీ మధ్య జాగాలో వేడి గాలి బయటికి పోయే దారి లేక అక్కడే కూర్చుంది, రాత్రి దాకా మీ నెత్తిన దిగుతూనే ఉంటుంది.

మాది పల్నాడు. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు వినపడుతుంటుంది కదా, ఆ చుట్టుపక్కలే. 2019లో డాబా మీద 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవుతో రెండు వాలుల గది ఒకటి వేసి సిమెంటు రేకులు కప్పించాం. రేకు వేడి కిందికి రాకూడదని పీవీసీ సీలింగ్ కొట్టించాం, ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టించాం, ఇంకేముంది ఊటీ అనుకున్నాం. మొదటి ఎండాకాలమే తెలిసింది. ఏసీ ఆగకుండా తిరుగుతోంది, గది మాత్రం చల్లబడదు, రాత్రి పదింటికి కూడా ఫ్యాన్ వేస్తే పైనుంచి వేడిగాలే దిగుతుంది. వైరు ఏదో లాగాలని ఎలక్ట్రీషియన్ ఒక పలక ఊడదీస్తే, పొయ్యి మూత తీసినట్టు మొహానికి కొట్టింది. బయట 43 డిగ్రీలున్న రోజు ఆ సందులోకి వైరున్న థర్మామీటర్ దించి చూస్తే 58 చూపించింది. మా అమ్మ అయితే "ఇక్కడ వడియాలు పెడితే ఒక్క పూటలో ఎండుతాయి కదరా" అంది, అందులో వెటకారం ఎంతో నిజం ఎంతో ఇప్పటికీ తెలీదు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత అర్థమైంది. సిమెంటు రేకు అలలు అలలుగా ఉంటుంది కాబట్టి గోడ మీద కూర్చున్న చోట ప్రతి అల కిందా ఒక సందు మిగులుతుంది. మన దగ్గర మేస్త్రీలు ఆ సందులన్నీ మాలుతో పూడ్చేస్తారు, పూడ్చకపోతే మనమే పిలిచి పూడ్చమంటాం. ఎలకలొస్తాయి, పాములొస్తాయి, దుమ్ము పడుతుంది అని. ఆ భయం తప్పని అనను, కానీ పూడ్చడానికీ జాలీ కొట్టడానికీ చాలా తేడా ఉంది. కింద సీలింగ్ లేని రోజుల్లో ఇలా పూడ్చినా కిటికీల్లోంచి, తలుపులోంచి కొంత వేడి పోయేది. సీలింగ్ కొట్టగానే ఆ దారీ పోయి, పైన నాలుగువైపులా మూసేసిన పెట్టె తయారవుతుంది.

పాత పెంకుటిళ్ళు ఎందుకు చల్లగా ఉండేవంటే అందరూ మట్టి గోడలంటారు, మట్టి పెంకులంటారు. అదీ నిజమే. కానీ పెంకుకీ పెంకుకీ మధ్య వందల సందులుండేవి, చూరు కింద బెత్తెడు ఖాళీ ఉండేది, అటక మీద వేడెక్కిన గాలి ఎక్కడికక్కడ ఆ సందుల్లోంచి పైకి జారుకునేది, కింద చూరులోంచి కొత్త గాలి వచ్చేది. మంగళూరులో 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మొదలుపెట్టిన పెంకుల ఫ్యాక్టరీ ఉందే, మనం మంగుళూరు పెంకులనేవి అలాంటి చోట్ల తయారైనవే, వాటిల్లో గాలి కోసమే కన్నం పెట్టి చేసిన ప్రత్యేకమైన పెంకులు కూడా ఉండేవి. అంటే కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, రేకుల కాలంలో మనం వదిలేసిన పనే ఇది.

"బయట గాలే 43 ఉంటే అది లోపలికొచ్చి ఏం చల్లబరుస్తుంది?" అని చాలామంది అడుగుతారు, నేనూ అడిగాను. సీలింగ్ పైన ఉన్నది 58. ఆ 58ని తోసేసి 43ని తేవడమే పని. మనం గదిలోకి గాలి తేవట్లేదు, సీలింగ్ మీద కూర్చున్న వేడిని లేపుతున్నాం. గది కిటికీలు మూసుకునే ఉండొచ్చు, ఏసీ వేసుకునే ఉండొచ్చు.

ఇక పని. మొదలుపెట్టే ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి: సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టకండి. చూడ్డానికి గట్టిగా ఉంటుంది కానీ ఆరు మిల్లీమీటర్ల మందం, పాతబడిన కొద్దీ పెళుసవుతుంది, చెప్పాపెట్టకుండా విరిగి మనిషి కింద పడతాడు. కింద రేకుల్ని మోసే ఇనప పైపులున్న వరస మీదుగా వెడల్పాటి చెక్క పలక వేసి దాని మీదే నడవాలి, పనివాళ్ళు అలవాటే అన్నా సరే పలక వేయించండి. రెండోది, సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ అనే రాతి నార ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. కట్టర్ మెషిన్‌తో పొడిగా కోయించకండి. కోయాల్సి వస్తే నీళ్ళు చల్లుతూ చేతి రంపంతో నెమ్మదిగా కోయించి, మంచి మాస్కు పెట్టుకుని, రాలిన పొడిని చీపురుతో ఊడ్చకుండా తడి గుడ్డతో తుడిచి మూట కట్టేయండి. పని పొద్దున్నే ఆరింటికి మొదలుపెడితే ఎనిమిదిన్నరకల్లా కిందికి దిగొచ్చు, ఆ తర్వాత రేకు ముట్టుకోలేరు.

మొదట చూరు దగ్గర కింద దారి తెరవాలి, పైన దారి కాదు. అందరూ చేసే పొరపాటు ఇదే, మొదటే పోయి గోడౌన్ల మీద గుండ్రంగా తిరుగుతుంటుందే ఆ టర్బో వెంటిలేటర్ కొనుక్కొచ్చి పైన బిగిస్తారు, కింద గాలి వచ్చే సందు లేకపోతే అది తిరుగుతూనే ఉంటుంది గానీ లాగడానికి గాలి ఉండాలి కదా. సీలింగ్ పలకల సందుల్లోంచి మీ ఏసీ చల్లదనాన్నే లాగి ఆకాశానికి ఇస్తుంది.

చూరు దగ్గర మాలుతో పూడ్చిన అలల సందుల్ని ఒక్కొక్కటే సుత్తీ, సన్న ఉలీ పెట్టి నెమ్మదిగా రాల్చండి. రేకుకి దెబ్బ తగలకుండా గోడ వైపు నుంచి కొట్టాలి, గట్టిగా బాదితే రేకు చీలుతుంది. ఇదెంత గాలి తెస్తుందో లెక్క వేస్తే నాకే ఆశ్చర్యమేసింది. మామూలు సిమెంటు రేకులో అలకీ అలకీ మధ్య దూరం 146 మిల్లీమీటర్లు, లోతు 48. ఒక్కో అల కింద తెరిచే ఖాళీ సుమారు ఐదు చదరపు అంగుళాల పైచిలుకు. మా గదికి రెండు వైపులా కలిపి 40 అడుగుల చూరు, అంటే 80కి పైగా అలలు. మొత్తం కలిపితే దాదాపు మూడు చదరపు అడుగుల దారి, ఒక్క రూపాయి సామాను కొనకుండా! 24 అంగుళాల టర్బో వెంటిలేటర్ గొంతు వైశాల్యం కూడా సరిగ్గా అంతే, మూడు చదరపు అడుగులు.

ఎంత దారి ఉంటే చాలు అనే దానికి అమెరికాలో ఇళ్ళ కోడ్‌లో ఒక లెక్క ఉంది, అక్కడ చాలా ఇళ్ళకి అటక ఉంటుంది కాబట్టి వాళ్ళు రాసిపెట్టుకున్నారు: సీలింగ్ వైశాల్యంలో 150వ వంతు ఖాళీ ఉండాలి, కిందా పైనా కలిపి. మా 240 చదరపు అడుగులకి అది 1.6 అవుతుంది. వాళ్ళ కప్పు కింద చెక్క ఉంటుంది, మనది ఉత్త రేకు, పైగా మన ఎండ. అందుకని నేను ఆ లెక్కని కనీసం అనుకుని దానికి రెట్టింపు, మూడింతలు పెట్టుకోమంటాను. ఎక్కువైతే నష్టమేమీ లేదు, వాన జల్లు లోపలికి కొట్టకపోతే చాలు.

తెరిచిన సందులకి జాలీ తప్పనిసరి. ఇక్కడ ఒక చిన్న విషయం. దోమల జాలీ కొట్టకండి. సన్న కన్నాలు సగం గాలిని ఆపేస్తాయి, మిగతా సగాన్ని ఒక్క ఏడాదిలో దుమ్ము, బూజు ఆపేస్తాయి. సీలింగ్ పైన దోమలు తిరిగితే తిరగనివ్వండి, సీలింగ్ పలకల సందులు మూసి ఉన్నంతకాలం మనకేం? పావు అంగుళం గళ్ళ ఇనుప వెల్డ్ మెష్ తీసుకుని చూరు పొడవునా బయటివైపు నుంచి బిగిస్తే ఎలుక, పాము, పిచ్చుక ఏదీ దూరదు. మా మేస్త్రీ అయితే ఈ పని ఆఖరి వరకూ ఒప్పుకోలేదు. "పాము దూరిందంటే నన్ననొద్దండీ" అన్నాడు. ఇన్నేళ్ళలో దూరలేదు. ఒక తొండ ఎలా వచ్చిందో మాత్రం తెలీదు.

సీలింగ్ పైన పాత పరుపులూ అట్టపెట్టెలూ చూరు వరకూ తోసి పెట్టుకుంటే ఇదంతా వృథా, చూరు నుంచి రెండడుగులు ఖాళీ వదలండి. ఇన్వర్టర్ బ్యాటరీ, గ్యాస్ సిలిండర్, పెయింట్ డబ్బాలు ఆ వేడిలో అసలు పెట్టకూడదు.

ఇప్పుడు పైన దారి. రెండు వాలుల కప్పుకి ఆ వాలులు పైన కలిసే కొప్పు దగ్గరే అన్నిటికన్నా వేడి, కాబట్టి దారి అక్కడికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. చవకైన మార్గం, రెండు చివర్లా కొప్పు వరకూ లేచే ముక్కోణపు గోడలుంటాయి కదా, వాటిల్లో పైకొసకి దగ్గరగా అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు కన్నం పెట్టి, కిందికి వాలిన పలకలున్న జాలీ, అంటే లూవర్, బిగించడం. లోపలివైపు అదే పావు అంగుళం మెష్. బయట చిన్న సన్‌షేడ్ దిగితే వాన సమస్య ఉండదు. రెండు చివర్లా పెట్టాలి, ఒక్కటే పెడితే సగం పనే. గాలి ఉన్న రోజు ఇవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి, ఆకు కదలని రోజు ఓ మాదిరిగా.

రెండో మార్గం ఇందాక చెప్పిన టర్బో వెంటిలేటర్. కరెంటు అక్కర్లేదు, గాలికి తిరుగుతుంది, గాలి లేనప్పుడు కింద నుంచి లేచే వేడి గాలి తోపుకి నెమ్మదిగా తిరుగుతుంది. 240 చదరపు అడుగుల గదికి 24 అంగుళాలది ఒక్కటి చాలు. దానికి కింద వచ్చే బేస్ షీటు మీ రేకు అలలకి సరిపోయేది అడిగి తీసుకోండి, సిమెంటు రేకు అల వేరు, ఇనప రేకు అల వేరు. బేస్ షీటు పైఅంచు కొప్పు రేకు కిందికి దూరాలి, కింది అంచు కింది రేకు మీదికి రావాలి, నీళ్ళు పారే దిశలోనే. దీన్ని తలకిందులుగా బిగించి తర్వాత సిలికాన్ ట్యూబులు ఖాళీ చేసేవాళ్ళని చూశాను. బోల్టులు రేకుకి మాత్రమే కాకుండా కింద పైపుకి జె అక్షరంలా వంగిన హుక్కులతో పట్టుకోవాలి.

నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే రెండూ పెట్టాను, గోడ జాలీలూ టర్బో కూడా. రెండుంటే రెట్టింపు చల్లదనం అని లెక్క. టర్బో ఝామ్మని తిరుగుతోంది, థర్మామీటర్ మాత్రం 54 దగ్గర ఆగింది. సాయంత్రం ఒక అగరబత్తి వెలిగించి చూరు సందు దగ్గర పట్టుకుంటే పొగ నిలువుగా లేస్తోంది తప్ప లోపలికి పోవట్లేదు. అదే అగరబత్తిని గోడ జాలీ దగ్గర పెడితే సర్రున లోపలికి లాగేసింది. అంటే టర్బో తన పక్కనే ఉన్న జాలీలోంచి గాలి తాగేసి బయటికి వదులుతోంది, చూరు నుంచి గాలి సీలింగ్ మీదుగా పాకాల్సిన అవసరమే లేకుండా పోయింది. జాలీలకి అట్టముక్కలు అడ్డం పెట్టగానే చూరు దగ్గర పొగ లోపలికి వంగింది. మర్నాడు అదే వేళకి 49. కాబట్టి పైన ఏదో ఒక్క రకమే. టర్బో పెడితే గోడ జాలీలు మూయండి, జాలీలు పెడితే టర్బో ఖర్చు మిగుల్చుకోండి. ఈ అగరబత్తి పరీక్ష మీరూ చేయండి, థర్మోకోల్ కీ పీవీసీకీ దూరంగా, పక్కన చెంబుడు నీళ్ళతో.

డాబా మీద గదులు ఎక్కువగా ఒకవైపు వాలుతోనే ఉంటాయి. వాటికి ఇంకా తేలిక, కింది చూరు సందులూ పైగోడ మీది సందులూ రెండూ తెరిచేస్తే అయిపోయింది, టర్బో కూడా అక్కర్లేదు. పైగోడ సందుల మీదికి రేకు కనీసం అడుగు బయటికి వచ్చి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఎదురు జల్లు లోపలికి కొడుతుంది.

కరెంటు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, కానీ అది ఆఖరి మాట. సందులు తెరవకుండా ఫ్యాన్ పెడితే గదిలో గాలినే లాగుతుంది, ఇందాక చెప్పినట్టే. పైగా ఆ వేడిలో మోటారు ఎక్కువకాలం ఉండదు. మరీ పల్లంగా ఉండి గాలి ఆడని ఇళ్ళకైతే గోడ పైకొసలో 12 అంగుళాల ఫ్యాన్ ఒకటి, మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా టైమర్ మీద పెట్టుకోండి.

గాలి ఒక్కటే చాలదు, ఇది నిజాయితీగా చెప్పాలి. గాలి ఆడినా రేకు మాత్రం కాలుతూనే ఉంటుంది, నిప్పు సెగ తగిలినట్టు దాని సెగ నేరుగా సీలింగ్ మీద పడుతుంది, ఈ సెగని గాలి ఆపలేదు. దానికి రెండు పనులున్నాయి. ఒకటి రేకు పైన తెలుపు. కూల్ రూఫ్ పెయింట్ వేస్తే మంచిదే, డబ్బుల్లేకపోతే ఏటా ఉగాదికి సున్నం కొట్టండి, వానలకి పోతుంది, మళ్ళీ ఏడాది మళ్ళీ కొట్టాలి, అంతే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ తెలుపు సూత్రం మీదే. రేకు మీద నాచు, మసి ఉంటే ముందు తడిపి మెత్తటి బ్రష్‌తో తీసి అప్పుడు వేయాలి.

రెండోది రేకు కింద వెండి రంగు ఫాయిల్, బబుల్ ఉన్నది షీటుగా దొరుకుతుంది. దాన్ని రేకుకి అంటించకుండా, కింద పైపులకి కట్టి రేకుకీ దానికీ మధ్య రెండంగుళాలైనా ఖాళీ వదలాలి. మెరిసే ముఖం కిందికి, సీలింగ్ వైపు ఉండాలి. పైకి పెడితే ఆర్నెల్లలో దుమ్ము పట్టి మెరుపు పోతుంది. చూరు దగ్గర ఒక బెత్తెడు, కొప్పు దగ్గర ఒక బెత్తెడు ఫాయిల్ లేకుండా వదిలేయండి, రేకు కింద గాలి పాకడానికి. నేను సున్నమూ ఫాయిలూ రెండూ చేశాక ఆ 49 కాస్తా 45కి దిగింది, చేత్తో సీలింగ్ ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ఏసీ రాత్రి మధ్యమధ్యలో ఆగుతోంది ఇప్పుడు, ఆ శబ్దం ఆగడం విని మొదటిరోజు కరెంటు పోయిందేమో అనుకున్నాం.

సీలింగ్ మీద వరిగడ్డి, ఊక పరిచేవాళ్ళున్నారు. వద్దు. ఎలకలు ఒక ఎత్తు, నిప్పు ఇంకో ఎత్తు, పైన వైర్ల జాయింట్లు ఉంటాయి. పరచాలనుకుంటే నిప్పంటుకోని రాతి నార, అంటే రాక్‌వూల్, తీసుకోండి, అదీ చూరు సందుల మీదికి రాకుండా. అన్నట్టు సీలింగ్ పైన వైర్లు మామూలు టేపు చుట్టి వదిలేసి ఉంటే ఈ పనిలోనే పైపులో వేయించేయండి, ఆ వేడికి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది.

శ్లాబు ఇంటివాళ్ళు మాకేంటి అంటారు. మీకు అటక లేదు, కాబట్టి కట్టుకోవాలి. డాబా మీద నాలుగువైపులా తెరిచిన రేకుల షెడ్డు వేస్తే శ్లాబుకి నీడా, మధ్యలో గాలీ రెండూ దొరుకుతాయి. తాటాకు పందిరి అయినా అంతే. షెడ్డు వేశాక బట్టలారేయడానికి బాగుందని మూడువైపులా గోడలు లేపకండి, మళ్ళీ మొదటికొస్తుంది.

కోస్తా జిల్లాల వాళ్ళకి ఒక జాగ్రత్త ఎక్కువ. తుపాను గాలికి టర్బో వెంటిలేటర్ ఎగిరిపోతే కొప్పులో రెండడుగుల కన్నం మిగులుతుంది. అక్టోబరు రాకముందే ఎవర్నైనా పలక మీదుగా ఎక్కించి బోల్టులు బిగించి, బేరింగు దగ్గర గరగరమంటోందేమో చేత్తో తిప్పి చూడమనండి. గరగరమంటే గ్రీజు పెట్టి చూడకుండా తల మార్చేయడమే నయం, బేస్ అలాగే ఉంచి పై భాగం ఒక్కటే దొరుకుతుంది. గోడ జాలీలున్న వాళ్ళు వాటి కొలతకి ప్లైవుడ్ ముక్క ఒకటి కోసి దగ్గర పెట్టుకుంటే తుపాను హెచ్చరిక రాగానే లోపల నుంచి అడ్డం పెట్టొచ్చు, గాలివాన వెలిశాక తీయడం మాత్రం మర్చిపోకండి. నేను ఒకసారి మర్చిపోయి మళ్ళీ మార్చిలో, సీలింగ్ కాలుతోందేంటా అని చూస్తే అప్పుడు కనపడింది.